‘తగ్గిపోయింది’ అన్నారు కదా, మరి ఐదో తరగతిలో ఎందుకు వెనకబడుతున్నాడు?

ప్రశ్న: మాది గుణుపురం. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బాబు చదివేది ఒడియా మీడియం. ఇప్పుడు 10 ఏళ్లు. నాలుగో ఏట ఆటలమ్మ పోసి తగ్గింది. మూడు నెలలు తిరక్కుండానే ఒక పొద్దున లేచేసరికి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మూతి ఎడమ పక్కకి లాగేసింది, మాట రాలేదు. గాలి సోకిందని ఒకరు, పావురం రక్తం రాయమని ఒకరు చెప్పారు. రెండు రోజులు అలాగే పోయాయి. మూడో రోజు విశాఖపట్నం తీసుకెళ్తే స్కానింగ్ చేసి, మెదడులో రక్తనాళం మూసుకుపోయి స్ట్రోక్ వచ్చిందన్నారు. ఆరు నెలలకి నడిచాడు, మాట్లాడాడు. తగ్గిపోయిందని ఫిజియోథెరపీ మానేశాం. పోయిన ఏడాది ఒకసారి ఫిట్స్ వచ్చింది, దానికి మందు వాడుతున్నాం.

ఇప్పుడు బడిలో బోర్డు మీద ఉన్నది సగమే రాసుకుంటాడు. చెప్పింది మర్చిపోతాడు. సాయంత్రానికి చిరాకు, ఏడుపు, వస్తువులు విసిరికొట్టడం. మాస్టారు బద్ధకం అంటున్నారు. ట్యూషన్ మేడం ఇంట్లో తెలుగు మానేసి ఒడియాలోనే మాట్లాడమంటున్నారు. ఎడం చేత్తో అన్నం తింటున్నాడని మా అత్తగారికి బాధ. అమ్మవారికి సరిగ్గా చెయ్యలేదని, అందుకే ఇలా అయిందని ఆవిడ అంటారు. ఆ రెండు రోజులు పోగొట్టడం వల్లే అని నాకు అనిపిస్తుంది. మళ్లీ వస్తుందా? వాడు మామూలుగా అవుతాడా? సైకిల్ కొనమని రోజూ గొడవ, కొనొచ్చా?

– ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు మాస్టారి మాట పక్కన పెట్టండి. మీ వాడిది బద్ధకం కాదు. నాకు అర్థమైనంతవరకు కొత్త జబ్బూ కాదు. ఆరేళ్ల కిందట ఆ పొద్దున మెదడుకి తగిలిన దెబ్బే ఇప్పుడు పుస్తకం దగ్గర బయటపడుతోంది.

ఇన్నేళ్లు కనిపించనిది ఇప్పుడెందుకు వచ్చింది అంటారేమో. మడిలో ఒక మూలకి నీరు సరిగ్గా అందదనుకోండి. నాట్లప్పుడు చూస్తే మడి అంతా ఒకేలా ఉంటుంది. పైరు పొట్టకొచ్చే వేళకి ఆ మూల తేలిపోతుంది. నాలుగేళ్ల పిల్లాడిని ప్రపంచం అడిగేది నడవడం, మాట్లాడటం, తినడం. అవి వచ్చేశాయి గనక అందరూ ఊపిరి పీల్చుకున్నారు. పదేళ్ల పిల్లాడిని అడిగేవి వేరు. ఒకేసారి రెండు మూడు విషయాలు గుర్తుపెట్టుకోవాలి, గంట కొట్టేలోపు ముగించాలి, కోపం వచ్చినా ఆపుకోవాలి. ఈ పనులు చేసే మెదడు భాగాలు ఈ వయసు నుంచే గట్టిగా పనిలోకి దిగుతాయి. అందుకే చిన్నప్పుడు స్ట్రోక్ వచ్చిన పిల్లల్లో కొన్ని ఇబ్బందులు ఏళ్ల తర్వాత తలెత్తుతాయి.

ఈ సంగతి నేనూ ఆలస్యంగానే నేర్చుకున్నాను. బరంపురంలో ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో ఇలాంటి బాబునే చూశాను. వాడు కుంటుకుంటూనైనా నడిచిన రోజున వాళ్ల నాన్నతో, ‘పిల్లల మెదడు పచ్చి మట్టిలాంటిది, అన్నీ సర్దుకుంటాయి, ఇక రానక్కర్లేదు’ అని చెప్పి పంపేశాను. ఎనిమిదేళ్లకి ఆ నాన్న జ్వరమొచ్చి నా దగ్గరికే వచ్చాడు. బాబు ఎలా ఉన్నాడని అడిగితే, ‘చదువు అబ్బలేదండి, ఏడో తరగతిలో మాన్పించేశాం, మొద్దు’ అన్నాడు. ఆ బాబు మొద్దు కాదు. వాడికి ఏం కావాలో చూడాల్సిన వయసులో చూసేవాళ్లు లేకుండా చేసింది నేను. ‘ఇక రానక్కర్లేదు’ అనే మాట అప్పటినుంచి నా నోట రాలేదు. పసి మెదడు సర్దుకుంటుంది అన్నది నిజమే, కానీ సగం నిజం. ఒక భాగం చెడితే పక్క భాగం ఆ పని నెత్తికెత్తుకుంటుంది, దాని సొంత పనికి మాత్రం తీరిక తగ్గిపోతుంది.

బోర్డు మీది పాఠం దగ్గర వాడికి ఏం జరుగుతోందో ఒకసారి చూడండి. తలెత్తి నాలుగు మాటలు చదవాలి. తల దించేవరకు అవి మనసులో నిలవాలి. నోట్‌బుక్‌లో ఎక్కడ ఆపాడో వెతుక్కోవాలి. కుడి చెయ్యి పుస్తకాన్ని గట్టిగా అదిమిపట్టదు కాబట్టి ఎడం చేత్తో రాస్తుంటే పేజీ జరిగిపోతుంది. సరిచేసుకుని రెండు మాటలు రాసేసరికి మిగతా రెండూ జారిపోతాయి. మళ్లీ తలెత్తేసరికి మాస్టారు బోర్డు తుడిచేస్తారు. పక్క పిల్లాడు తెలియకుండానే చేసేసే పనికి మీ వాడు ఒళ్లంతా కూడదీసుకోవాలి. సాయంత్రం నాలుగింటికి ఇంటికొచ్చి బ్యాగు విసిరికొట్టే పిల్లాడిది పొగరు కాదు, అలసట. స్ట్రోక్ తర్వాత వచ్చే ఈ అలసట నిద్రపోయినా ఒక పట్టాన తీరదు. బడి నుంచి రాగానే ట్యూషన్‌కి పంపకండి. ఏదైనా తిని, గంటసేపు ఊరికే ఉండనివ్వండి. హోంవర్క్ 20 నిమిషాలు, కాసేపు విరామం, మళ్లీ 20 నిమిషాలు. ఇది చేసిన ఇళ్లలో గొడవ చాలా తగ్గడం చూశాను.

ఇప్పుడు చెయ్యాల్సిన అసలు పని చెబుతాను. పిల్లల సైకాలజిస్టు దగ్గర వాడికి పూర్తి పరీక్ష చేయించండి. తెలివి ఒక్కటే కాదు, జ్ఞాపకం, ఏకాగ్రత, పని చేసే వేగం, చదవడం, లెక్కలు వేరువేరుగా చూడాలి. ఇలాంటి పిల్లల్లో చాలామందికి మొత్తం తెలివి మామూలు పరిధిలోనే ఉంటుంది. తగ్గేది వేగం, ఏకాగ్రత, చెప్పింది మనసులో నిలుపుకునే శక్తి. అది కాగితం మీద కనబడితే మాస్టారితో వాదించాల్సిన పని ఉండదు. ప్రభుత్వం 2013లో మొదలుపెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ల లోపు పిల్లలకి జిల్లా స్థాయి కేంద్రాలున్నాయి. రాయగడ జిల్లా ఆసుపత్రిలో వాకబు చెయ్యండి. అక్కడ కుదరకపోతే బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ, లేదా కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లో ఉన్న కేంద్ర ప్రభుత్వ పునరావాస సంస్థ. చేతికి, కాలికి కావలసిన పట్టీలు కూడా ఓలట్‌పూర్‌లో తయారు చేస్తారు. విశాఖ మనకి దగ్గరే, గుణుపురం నుంచి రైలూ ఉంది. కానీ ఆంధ్రా రేషన్ కార్డు మీద నడిచే ఆరోగ్యశ్రీ (ఇప్పటి పేరు ఎన్టీఆర్ వైద్య సేవ) మన ఒడిశా వాళ్లకి నడవదు. ఆయుష్మాన్ కార్డు ఉంటే, ఆ పథకంలో చేరిన ఆసుపత్రుల్లో అడ్మిట్ అయి చేయించుకునే చికిత్సకి పక్క రాష్ట్రంలోనూ చెల్లుతుంది. బయలుదేరే ముందు ఆసుపత్రికి ఫోన్ చేసి అడగండి.

ఆ రిపోర్టు పట్టుకుని హెడ్ మాస్టారిని కలవండి. ముందు బెంచీ అడగండి, వాడికి తలతిప్పే పని తగ్గుతుంది. పాఠం జిరాక్స్ గానీ, పక్క పిల్లాడి నోట్సు గానీ ఇప్పించమనండి. పని ఏదైనా ఒకసారికి ఒకటే చెప్పమనండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం చాలా సౌకర్యాలకి వైకల్యం 40 శాతం గానీ అంతకు మించి గానీ ఉండాలి; అది ఎంతో మెడికల్ బోర్డు తేల్చి సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) ఇస్తుంది. పెద్ద పరీక్షలకి అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, పింఛను లాంటివి అడగడానికి అదే ఆధారం. ‘వికలాంగుడు అనే ముద్ర పడుతుందేమో’ అని చాలామంది తల్లిదండ్రులు నా ముందే కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఆ బాధ నాకు తెలుసు. కానీ ‘మొద్దు’ అనే ముద్ర ఇప్పటికే పడుతోంది కదమ్మా. దానికంటే ఆ కార్డు వాడికి మేలు చేస్తుంది.

ట్యూషన్ మేడం మాట మాత్రం వినకండి. ఇంట్లో తెలుగు ఆపకండి. మీ వాడికి దెబ్బ తగిలింది ఎడమ మెదడుకి. సాధారణంగా మాట ఉండేది కూడా అక్కడే. చిన్నపిల్లల్లో మాట చాలావరకు తిరిగి వస్తుంది గానీ సమయానికి పదం దొరకకపోవడం, పొడుగాటి వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మర్చిపోవడం ఉండిపోవచ్చు. ఆ కష్టం ఏ భాషలోనైనా ఉంటుంది. ఒక భాష తీసేస్తే రెండోది బాగుపడదు. పైగా వాడు నాయనమ్మతో పోట్లాడేది, భయమేస్తే మిమ్మల్ని పిలిచేది తెలుగులో. మన సరిహద్దు ఊళ్లలో పిల్లలు తెలుగు, ఒడియా కలిపేసి మాట్లాడటం మామూలే, దాన్నీ జబ్బు కింద చూడకండి. మీరు చెయ్యాల్సింది ఒకటే. చిన్న వాక్యంలో చెప్పి, ఆగి, వాడు మాట వెతుక్కునేవరకు పూర్తి చెయ్యకుండా ఉండటం. పది అంకెలు లెక్కపెట్టేంతసేపు ఆగి చూడండి, చాలాసార్లు వాడే చెప్పేస్తాడు.

ఎడం చేత్తో అన్నం. అత్తగారితో మెల్లగా మాట్లాడండి. ఆవిడది చెడ్డ ఉద్దేశం కాదు. పెళ్లి పంక్తిలో మనవడిని నలుగురూ వేలెత్తి చూపిస్తారని ఆవిడ భయం. కానీ పట్టులేని చేత్తో పప్పన్నం కలిపి నోటిదాకా తేవాలంటే సగం ఒళ్లోకే పోతుంది, పిల్లాడు సిగ్గుపడి నలుగురిలో తినడమే మానేస్తాడు. రాయడం, తినడం ఎడం చేత్తోనే కానివ్వండి. గుడిలో ప్రసాదం తీసుకునేటప్పుడు ఎడమ అరచేతి మీద కుడి చెయ్యి పెట్టి రెండు చేతులూ పట్టమనండి. కుడి చెయ్యీ పనిలోకి వస్తుంది, పెద్దావిడ మనసూ నిలుస్తుంది.

అలాగని కుడి చేతిని వదిలెయ్యకూడదు. పిల్లలు పనిచెయ్యని చేతిని మర్చిపోతారు. ఉన్న కాస్త బలమూ వాడక పోతుంది. మంచి చేతికి రోజూ కొన్ని గంటలు గ్లవ్ తొడిగి, బలహీనమైన చేత్తోనే ఆటలాడించే పద్ధతి ఒకటుంది. కొన్ని వారాలు చేయిస్తారు, పిల్లల్లో బాగా పనిచేస్తుంది. ఫిజియోథెరపిస్టో ఆక్యుపేషనల్ థెరపిస్టో చూసి చెప్పాక మొదలుపెట్టండి. ఇంట్లో మాత్రం రెండు చేతులూ కావలసిన పనులివ్వండి. ఒక పాప గుర్తొస్తోంది. కుడి చెయ్యి ఎప్పుడూ పిడికిలి బిగుసుకుని ఉండేది. వాళ్లమ్మ రోజూ ఒక మొక్కజొన్న కంకి ఇచ్చేది. పిడికిలి కాస్త సాగదీసి కంకి అందులో దోపి, ఎడం చేత్తో గింజలు వలవమనేది. మొదట్లో కంకి జారి వాకిట్లోకి దొర్లిపోయేది. రెండు నెలలకి ఆ పిడికిలి కంకిని పట్టి, గింజలకి తగ్గట్టు తిప్పడం కూడా నేర్చింది. కుడి చెయ్యి పట్టుకునే చెయ్యిగా ఉంటే చాలు, దానితో బతుకు గడుస్తుంది. నూనె మర్దన చెయ్యాలనుంటే మెత్తగా చెయ్యండి. బిగుసుకున్న కీలుని బలవంతంగా విరవనివ్వకండి. పావురం రక్తంతో ఏ నరమూ లేవదు, ఎవరు చెప్పినా మళ్లీ ఆ దారికి పోవద్దు.

వాడి చెప్పులు ఒకసారి తిప్పి చూడండి. కుడి చెప్పు ముందు భాగం ఎక్కువ అరిగి, మడమ దగ్గర కొత్తగానే ఉంటే, పిక్క కండ బిగుస్తోందన్నమాట. ఇప్పటినుంచి ఒక్కసారిగా పొడుగు పెరిగే వయసు. ఎముక పెరిగినంత వేగంగా బిగిసిన కండ సాగదు. అందుకే తగ్గిన కుంటు మళ్లీ మొదలవుతుంది. రాత్రిళ్లు వేసుకునే పట్టీ, సాగదీసే వ్యాయామం ఇప్పుడు మొదలుపెడితే ఆపరేషన్ దాకా పోకుండా ఆగొచ్చు. ఎదుగుదల ఆగేవరకు ఆరు నెలలకోసారి చూపించండి.

ఫిట్స్ మందు ఒక్క పూట కూడా మానకండి, ఫిట్స్ రావడం లేదని సొంతంగా ఆపకండి. స్ట్రోక్ వచ్చిన పిల్లల్లో కొంతమందికి మెదడులోని ఆ పాత మచ్చ వల్ల ఫిట్స్ మిగిలిపోతాయి. వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళాలు పెట్టొద్దు, నోట్లో చెంచా పెట్టొద్దు. గడియారం చూడండి, 5 నిమిషాలు దాటితే ఆసుపత్రికి. కొన్ని ఫిట్స్ మందులు మగత, మతిమరుపు తెస్తాయి. చదువు దెబ్బతినడంలో మందు వాటా ఎంతో కూడా ఈసారి డాక్టర్ని అడగండి.

ఇక మీ మనసుని తినేస్తున్న సంగతికి వస్తాను.

ఆటలమ్మ వైరస్ ఒంటి మీద పొక్కులు ఎండిపోయినా నరాల్లో దాక్కుంటుంది. వేలమందిలో ఏ ఒక్కరికో అది అక్కడినుంచి మెదడు రక్తనాళం గోడకి చేరి వాపు తెస్తుంది. నాళం ఇరుకైపోయి, రక్తం గడ్డకట్టి, స్ట్రోక్ వస్తుంది. ఆటలమ్మ తగ్గాక కొన్ని వారాల నుంచి కొన్ని నెలల లోపు ఇది జరుగుతుంది. మీ బాబుకి మూడు నెలలకి వచ్చిందంటే నాకు మొదట తోచేది ఇదే. మీరు వేపాకు వేసినా వెయ్యకపోయినా, చలిమిడి పెట్టినా పెట్టకపోయినా ఆ వైరస్ దారి మారదు. అమ్మవారికి మొక్కు చెల్లిస్తే అత్తగారి మనసు కుదుటపడుతుందంటే చెల్లించండి, అందులో తప్పేం లేదు. కానీ తప్పు మీది అని మాత్రం ఒప్పుకోకండి.

ఆ రెండు రోజుల గురించి అబద్ధం చెప్పను. స్ట్రోక్‌లో ప్రతి గంటా విలువైనదే. కానీ పిల్లలకి స్ట్రోక్ వస్తుందని పెద్ద డాక్టర్లకే వెంటనే తోచదు. డబ్బున్న దేశాల్లో, చేతికందే దూరంలో స్కానింగ్ ఉన్న చోట కూడా పిల్లల్లో స్ట్రోక్‌ని తేల్చేసరికి చాలాసార్లు ఒక రోజు గడిచిపోతోంది. పెద్దవాళ్లకి ఇచ్చే గడ్డ కరిగించే ఇంజెక్షన్ పిల్లలకి అంత తేలిగ్గా ఇవ్వరు కూడా. మీరు మొదటి గంటలోనే బయలుదేరి ఉన్నా ఈ చెయ్యి ఇలాగే ఉండేదేమో. ఆ లెక్క ఎవరూ తేల్చలేరు, మీరూ తేల్చొద్దు. ఇంట్లో ఇంకో చిన్న పిల్లో పిల్లాడో ఉంటే ఆటలమ్మ టీకా వేయించండి, రెండు డోసులు. ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాల్లో ఇది లేదు, డబ్బు పెట్టి కొనాలి.

మళ్లీ వస్తుందా? ఆటలమ్మ తర్వాత వచ్చే నాళం వాపు సాధారణంగా ఒక్కసారి వచ్చి, కొన్ని నెలల్లో నిలకడపడుతుంది. ఎక్కువ భయపడాల్సింది ఆ మొదటి నెలల్లోనే. ఆరేళ్లు గడిచాయి కాబట్టి ప్రమాదం చాలా తగ్గినట్టే. అయితే కారణం నిజంగా అదేనా అని రూఢి చేసుకోవాలి. పాత ఫైలు తీయండి. మెదడు రక్తనాళాలని చూపే స్కానింగ్ (ఎంఆర్ యాంజియో) ఆ తర్వాత మళ్లీ తీశారా, గుండెకి ఎకో చేశారా, సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు) రక్తపరీక్ష చేశారా చూడండి. లేకపోతే అడిగి చేయించండి. మొయమొయ అనే జబ్బులో మెదడు నాళాలు ఏటేటా సన్నబడుతూ పోతాయి, దానికి ఆపరేషన్ ఉంది, అది కాదని తేలాలి. రక్తం గడ్డకట్టకుండా యాస్పిరిన్ ఇస్తున్నారో లేదో మీరు రాయలేదు. ఇస్తుంటే సొంతంగా ఆపొద్దు, జ్వరం జలుబు వచ్చినప్పుడు కొనసాగించాలా అని మాత్రం డాక్టర్ని అడగండి. మూతి వంకరపోయినా, ఒక పక్క ఉన్నట్టుండి బలం తగ్గినా, మాట తడబడినా, ఎప్పుడూ లేనంత తలనొప్పితో వాంతులైనా, టైము రాసుకుని 108కి ఫోన్ చెయ్యండి. ఈసారి ఎవరి సలహా కోసమూ ఆగొద్దు.

సికిల్ సెల్ మాట వచ్చింది కాబట్టి రాయగడ, కోరాపుట్ వైపు చదివేవాళ్లందరికీ ఒక మాట. మన జిల్లాల్లో ఈ జబ్బు ఉంది, పిల్లల్లో స్ట్రోక్‌కి ఇదొక పెద్ద కారణం. 2023 జులైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ కింద రక్తపరీక్ష ఉచితం. జబ్బు ఉన్న పిల్లలకి తల మీద నుంచి చేసే డాప్లర్ స్కానింగ్‌తో మెదడు నాళాల్లో రక్తం ఎంత వేగంగా పోతోందో చూడొచ్చు. వేగం సెకనుకి 200 సెంటీమీటర్లు దాటిన పిల్లలకి క్రమంగా రక్తం ఎక్కిస్తే స్ట్రోక్ ముప్పు 90 శాతం దాకా తగ్గుతుందని 1998లోనే తేలింది. హైడ్రాక్సీయూరియా మందు కూడా కాపాడుతుంది. స్ట్రోక్‌ని రాకముందే ఆపగలిగే దారి ఇంత స్పష్టంగా ఉన్న జబ్బులు తక్కువ. పసిపిల్లల తల్లులకి ఇంకొకటి. ఏడాది నిండకముందే బిడ్డ అన్నీ ఒకే చేత్తో అందుకుంటూ రెండో చెయ్యి ముడుచుకుని ఉంటే ‘ఎడమచేతి వాటం’ అని మురిసిపోవద్దు, డాక్టర్‌కి చూపించండి. మంచం మీద నుంచి పడిన బిడ్డ ఒక చెయ్యి ఆడించకపోయినా అంతే.

వాడు మామూలుగా అవుతాడా అని అడిగారు. కుడి చెయ్యి పూర్తిగా ఎడమ చెయ్యిలా కాదు. చదువులో ఎప్పుడూ కొంచెం ఎక్కువ సమయం కావాలి. ఈ రెండూ ఉండిపోతాయని ఇప్పుడే చెప్పడం నా బాధ్యత. ఇవి ఉండి కూడా డిగ్రీ చదివినవాళ్లు, దుకాణం నడుపుకునేవాళ్లు, పెళ్లి చేసుకుని పిల్లల్ని పెంచుతున్నవాళ్లు నాకు తెలుసు. ఇక్కడినుంచి వాడు ఎంతదూరం వెళ్తాడన్నది చాలావరకు బడిలో, ఇంట్లో దొరికే సాయం మీద ఉంటుంది. నాలుగో ఏట ఆపేసిన థెరపీ పదో ఏట మొదలుపెట్టినా ఫలితం ఉంటుంది.

సైకిల్ కొనండి. ఫిట్స్ వచ్చి ఏడాది అవుతోంది కాబట్టి మందు రాసిన డాక్టర్ని ముందు ఒక మాట అడగండి. సరే అంటే రోడ్డు మీద కాదు, బడి గ్రౌండులో, హెల్మెట్‌తో, ఒక పెద్దవాళ్లు ఉండగా మొదలుపెట్టించండి. వంశధారలో ఈతకి మాత్రం ఒంటరిగా పంపకండి. సైకిల్ షాపు వాడితో, బ్రేకు ఎడం చేతికి అందేలా బిగించమని, కుడి హ్యాండిల్ పిడికి చేతికి పట్టు దొరికేలా లావుగా రబ్బరు చుట్టమని చెప్పండి. మొదటి వారం కుడి చెయ్యి హ్యాండిల్ మీద నుంచి జారుతూనే ఉంటుంది. మీరు సీటు పట్టుకుని పక్కనే పరుగెత్తండి.